పాట లోపల, పాడినవాడు బయట

ధ్యాన భాగం: యెహెజ్కేలు 33:30-33, హెబ్రీయులకు 13:12-13



మన సంఘం నుండి వెళ్లిన బిడ్డలు కొందరు ఇప్పుడు నార్సింగిలో ఉంటున్న సంగతి మీకు తెలుసు. కొందరు కంపెనీల్లో కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. కొందరు అక్కడ లేస్తున్న భవనాల దగ్గర సెంట్రింగు పనికి, వాచ్‌మన్ పనికి వెళ్లారు. వాళ్లలో ఒక తమ్ముడు ఫోనులో నన్ను అడిగాడు: "అయ్యగారూ, పాటలు, పద్యాలు, నాటకాలు సమాజాన్ని మారుస్తాయని అంటారు కదా. నిజంగా పాట వల్ల ఏమైనా మారిందా? లేక విన్నవాళ్లు చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిపోయారా?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు మన తెలుగు నేల చరిత్రలోనే ఉంది. వాక్యంలోనూ ఉంది. రెండూ కలిపి ఈ వారం ధ్యానిద్దాం.

రాజు ముందు ఒక గొర్రెపిల్ల

దావీదు ఊరియా భార్యను తీసుకున్నాడు, ఊరియాను యుద్ధంలో చంపించాడు. ఆ సంగతి రాజు ముఖం మీద చెప్పగలవాడు యెరూషలేములో ఎవరు? అప్పుడు దేవుడు నాతానును పంపాడు (2 సమూయేలు 12). నాతాను వెళ్లి ముందుగా నేరం చెప్పలేదు. ఒక కథ చెప్పాడు. ఒక ధనవంతుడు, ఒక పేదవాడు, ఆ పేదవాని ఒడిలో బిడ్డలా పెరిగిన ఒక్క గొర్రెపిల్ల. ధనవంతుడు తన మందను ముట్టకుండా ఆ ఒక్క గొర్రెపిల్లనే కోయించాడు. కథ విన్న దావీదు కోపంతో మండిపోయి తీర్పు చెప్పేశాడు. ఆ తీర్పు తన మీదనే పడిందని తరువాత తెలిసింది.

కళ చేసే పని ఇదే. నిందిస్తే మనిషి తలుపు వేసుకుంటాడు. కథ చెబితే తలుపు తీసి కూర్చుంటాడు. నాతాను ఒక్కడిగా వెళ్తే ఆ మాట దావీదు చెవికి చేరేది కాదేమో. గొర్రెపిల్ల ముందు వెళ్లింది, దాని వెనక సత్యం వెళ్లింది.

అయితే ఒకటి గమనించండి. కథ దావీదును మార్చలేదు. కథ తలుపు తెరిచింది. పాపము చేశానని ఒప్పుకొని దేవుని యెదుట తగ్గించుకున్నది దావీదే. విన్నవాడు లేచి ఏం చేశాడన్నదే అసలు సంగతి. ఈ మాట గుర్తుంచుకోండి, చివరిదాకా మనకు పనికొస్తుంది.

వినుకొండ బిడ్డ

మన తెలుగు క్రైస్తవుల్లో పుట్టిన గొప్ప కవి గుర్రం జాషువ గారు. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య గారు యాదవులు, తల్లి లింగమ్మ గారు మాదిగ. ఇంట్లో క్రైస్తవ విశ్వాసం, బయట ఊరి అంటరానితనం, ఈ రెండింటి మధ్య ఆయన పెరిగారు.

1910లో మేరమ్మ గారితో పెళ్లయింది. ఒక దొరసాని దగ్గర 3 రూపాయల జీతానికి పనిచేశారు, తరువాత బడిపంతులయ్యారు. ఇక్కడ మనం తల వంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ విషయాల మీద పద్యాలు రాస్తున్నాడన్న కారణంతో ఆయనను ఆ ఉద్యోగం నుండి తీసేశారు. రాజమండ్రి వెళ్లి, మాటలు లేని మూకీ సినిమాలు ఆడుతుంటే తెర పక్కన నిలబడి కథ, సంభాషణలు చదివే పని చేసుకున్నారు. ఒకవైపు పండితులు నీది ఏ కులమని అడిగారు. ఇంకోవైపు మనవాళ్లు నువ్వు ఏ దేవుని గురించి రాస్తున్నావని అడిగారు. పద్యం ఎలా ఉందని అడిగినవారు తక్కువ.

1932లో ఆయన 'ఫిరదౌసి' కావ్యం రాశారు. పారశీక దేశంలో ఫిరదౌసి అనే కవి 'షానామా' అనే మహాకావ్యం రాశాడు. ఒక్కో పద్యానికి ఒక్కో బంగారు నాణెం ఇస్తానన్న గజనీ మహమ్మదు చివరికి వెండి నాణేలు పంపాడని, తరువాత పశ్చాత్తాపపడి బంగారం పంపేసరికి ఊరి గుమ్మం నుండి కవి శవం బయటికి వెళ్తోందని కథ చెబుతారు. కావ్యం రాజు కోటలో ఉండిపోయింది. కవి బయటే చనిపోయాడు. వెయ్యేళ్ల కిందటి ఆ ముస్లిము కవి బాధ జాషువ గారికి ఎందుకంత దగ్గరగా తోచిందో వేరే చెప్పాలా?

గబ్బిలానికి ఉన్న హక్కు

1941లో 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసు 'మేఘదూతం' పేరు మీరు వినే ఉంటారు. అందులో ఒక యక్షుడు తన భార్యకు మేఘం చేత కబురు పంపుతాడు. జాషువ గారు ఆ పద్ధతినే తీసుకున్నారు. అయితే ఆయన కథలో కబురు పంపేవాడు యక్షుడు కాదు. దక్షిణాన ఒక గుడిసెలో ఆకలితో ఉన్న అంటరానివాడు, చెప్పులు కుట్టే కులంవాడు. కబురు వెళ్లేది ప్రియురాలికి కాదు, కాశీ విశ్వనాథునికి. మోసుకెళ్లేది అందమైన మేఘమూ కాదు, హంసా కాదు. ఇంట్లోకి వస్తే అపశకునమని మనవాళ్లు తరిమికొట్టే గబ్బిలం.

గబ్బిలాన్నే ఎందుకు ఎంచుకున్నారు? ఆలోచించండి. గుడి కట్టడానికి రాళ్లు మోసిన మనిషికి ఆ గుడిలోకి ప్రవేశం లేదు. గబ్బిలానికి మాత్రం ఉంది. అది గర్భగుడి కప్పుకే వేలాడుతుంది, దేవుని చెవికి దగ్గరగా ఉంటుంది. దానిని కులం అడిగేవాడు లేడు. కాబట్టి పూజారి పక్కన లేని వేళ చూసి నా బాధ ఆయన చెవిలో చెప్పమని ఆ మనిషి బతిమాలుకుంటాడు.

ఇంత పెద్ద అన్యాయాన్ని చెప్పడానికి ఆయన ఒక్క తిట్టు కూడా వాడనక్కరలేకపోయింది. పక్షి అని గాని జంతువు అని గాని తేల్చి చెప్పలేని ఒక ప్రాణికి ఉన్న హక్కు మనిషికి లేదు. ఆ ఒక్క పోలిక విన్నవాడు ఇక తప్పించుకోలేడు. అది నాతాను గొర్రెపిల్ల వంటిదే.

ఇంకో సంగతి. ఆయన ఈ కావ్యాన్ని పండితుల ఛందస్సులో, పండితుల పద్యంలో రాశారు. ఈ విద్య నీకు తగదు అన్న సమాజానికి, ఆ విద్యలోనే, వాళ్లు తప్పు పట్టలేనంత చక్కగా జవాబిచ్చారు. నాటకాల వాళ్లు ఆయన పద్యాలు తీసుకెళ్లి రంగస్థలం మీద పాడారు. శ్మశానం గురించి రాసిన ఆయన పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో కలిసిపోయాయి. అక్షరం రాని పల్లె జనం కూడా రాత్రంతా కూర్చుని వాటిని విన్నారు. ఏ ఊరి అరుగు మీద ఆయనను కూర్చోనివ్వరో, ఆ ఊరి అరుగు మీద ఆయన పద్యం కూర్చుంది.

కులం అడిగి లేచిపోయినవాడు

పద్యం వెళ్లినచోటికి కవి వెళ్లగలిగాడా? జాషువ గారే ఒక పద్యంలో తన అనుభవం చెప్పారు. ఒకాయన ఆయన కవిత్వం విని ఎంతో మెచ్చుకుంటాడు. తరువాత నీది ఏ కులమని అడుగుతాడు. జవాబు వినగానే లేచి వెళ్లిపోతాడు. ఆ క్షణం గుండెలో కత్తి దిగినట్లు ఉంటుందని కవి వాపోతాడు.

ఆ శ్రోత చెడ్డ రసికుడు కాదు. పద్యం అర్థమైంది, నచ్చింది, మెచ్చుకున్నాడు. చెవి దాకా వచ్చిన పద్యాన్ని గుండెలోకి దిగనివ్వలేదు, అంతే.

యెహెజ్కేలు దగ్గరికి వచ్చినవారి సంగతీ ఇదే. 33వ అధ్యాయం చివర చూడండి. జనులు గోడల దగ్గర, ఇంటి గుమ్మాల దగ్గర నిలబడి, రండి, ప్రవక్త ఏమి చెబుతాడో విందాం అని ఒకరినొకరు పిలుచుకుంటారు. వచ్చి ఆయన ముందు బుద్ధిగా కూర్చుంటారు. మంచి గొంతుతో, వాద్యంతో పాడే గాయకుని విన్నట్లు ఆయన మాటలు వింటారు. కాని చేయరు. ఇది దేవుడే ప్రవక్తతో చెప్పిన సంగతి. ప్రవక్తకు వినేవాళ్లు కరువు కాలేదు. కూటం నిండింది. పొగడ్తలూ ఉన్నాయి. అయినా దేవుని లెక్కలో ఏమీ జరగలేదు.

నార్సింగి తమ్ముడు అడిగినదానికి సగం జవాబు ఇక్కడే ఉంది. కళ ఓడిపోయేది జనం వినకపోవడం వల్ల కాదు. చాలాసార్లు విని, మెచ్చుకుని, అక్కడితో ఆపేయడం వల్ల.

ఆ శ్రోతకు ఎదురుగా ఇంకొకరిని కూడా నిలబెట్టాలి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు ఆనాటి తెలుగు పండితుల్లో పెద్ద పేరు, బ్రాహ్మణులు. ఆయన స్వయంగా జాషువ గారి కాలికి గండపెండేరం తొడిగి సత్కరించారు. గండపెండేరం కాలికి వేసే ఆభరణం. వేసేవాడు వంగాలి. ముట్టుకోవాలి. ముట్టరాదన్న కాలంలో ఒక పెద్దాయన కవి పాదం ముట్టుకున్నాడు. ఒకరు లేచిపోయారు, ఒకరు వంగారు. ఇద్దరూ విన్నది అదే కవి పద్యం.

జాషువ గారి కూతురు హేమలత గారు పాటను పనిగా మార్చినవారు. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కుమారుడు లవణం గారిని పెళ్లి చేసుకున్నారు. స్టువర్టుపురంలో నేరస్థులన్న ముద్ర పడిన కుటుంబాల మధ్య పనిచేశారు. నిజామాబాదు వైపు పల్లెల్లో జోగిని దురాచారానికి వ్యతిరేకంగా ఏళ్ల తరబడి కష్టపడ్డారు. ఆడపిల్లలను అలా సమర్పించడాన్ని నిషేధిస్తూ 1988లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. ఆ దంపతుల విశ్వాసం మన విశ్వాసం కాదు. కాని తండ్రి పద్యంలో ఏ మనుషుల కోసం ఏడ్చారో, కూతురు అటువంటి మనుషుల గుమ్మంలోకి నడిచి వెళ్లారు. వాక్యం వినేవారం మాత్రమే అయి ఉన్న మనకు ఇది సిగ్గు కలిగించాలి.

జాషువ గారు రాసిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1970లో పద్మభూషణ్ ఇచ్చారు. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు. క్రైస్తవుడు పురాణాలు రాయడమేమిటని ఉద్యోగం తీసేసిన లోకంలోనే, తెలుగు సాహిత్యంలో క్రీస్తుకు గౌరవమైన పీట వేసింది ఆయనే.

పల్లెలోకి వచ్చిన రాగం

పాట గోడ దాటిన ఇంకో కథ మన చేతిలోని పుస్తకంలోనే ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరిస్తే చాలా కీర్తనల పైన రాగం పేరు, తాళం పేరు కనబడతాయి. అవి ఎందుకున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ కీర్తనలు రాసినవారిలో ముఖ్యులు పురుషోత్తమ చౌదరి గారు. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు, 1833లో బాప్తిస్మము పొందారు, 1890లో ప్రభువునందు నిద్రించారు. వందకు పైగా కీర్తనలు రాశారు.

ఆ కాలంలో శాస్త్రీయ సంగీతం ఎవరి సొత్తు? పల్లెలోని మాల మాదిగలకు దాని గుమ్మం తెలుసా? చౌదరి గారు ఆ రాగాల్లో యేసు ప్రభువు పాటలు కట్టారు. చదువు రాని మన తాతలు, ముత్తవ్వలు ఉపదేశి పాడుతుంటే విని, చెవితోనే నేర్చుకున్నారు. నాట్లు వేస్తూ పాడుకున్నారు. సమాధుల తోటలో పాడుకున్నారు. ఏ సభలోనూ అడుగుపెట్టనివ్వని మనుషుల నోట ఆ రాగాలు పలికాయి. ఏ చట్టమూ రాకముందే, ఏ ధర్నా జరగకముందే, కీర్తన ఒక గోడను నిశ్శబ్దంగా దాటింది. పాట నేర్చుకున్నవాడు అక్షరం కోసం వచ్చాడు. అక్షరం నేర్చుకున్నవాడు తన బిడ్డను బడికి పంపాడు. మన కుటుంబాలు ఈ రోజు ఇలా ఉండటానికి వేరు అక్కడ ఉంది.

బండి వెనక పాట

ఇప్పుడు తెలంగాణ వైపు రండి. నార్సింగి కూడా ఒకప్పుడు నిజాం రాజ్యంలోని పల్లెటూరే. ఆ రాజ్యంలో వెట్టి ఉండేది. దేశముఖు ఇంటికి కూలి లేకుండా పని చేయాలి. చెప్పులు కుట్టి ఊరికే ఇవ్వాలి, కుండలు చేసి ఊరికే ఇవ్వాలి, దొర బండి ముందు పరుగెత్తాలి. భయం ఎంతగా ఉండేదంటే, దాన్ని అన్యాయమని పిలవడానికి కూడా నోరు వచ్చేది కాదు.

ఆ నోరు తెరిపించింది పాటే. సుద్దాల హనుమంతు గారు గొల్లసుద్దులు, బుర్రకథ వంటి జానపద రూపాలను తీసుకుని పల్లెపల్లెకు తిరిగారు. పశువులు కాసే పసివాడిని చూసి ఆయన రాసిన పాట వింటే ఇప్పటికీ కన్ను చెమర్చుతుంది. బడి ఈడు పిల్లవాడు పాలేరుగా ఉండటాన్ని ఊరంతా రోజూ చూస్తూనే ఉంది. పాట వచ్చాకే ఊరు ఆ పిల్లవాణ్ని నిజంగా చూసింది. విసునూరు దేశముఖు దౌర్జన్యం మీద బండి యాదగిరి కట్టిన పాట దొర పేరు చెబితేనే వణికే జనానికి ధైర్యం పోసింది. 1979లో వచ్చిన 'మా భూమి' సినిమాలో ఆ పాటను గద్దర్ పాడగా, సాయుధ పోరాటం ముగిసిన చాలా ఏళ్లకు పుట్టినవారికి కూడా అది తెలిసింది.

ఆ పోరాటాల్లో పాటతో పాటు తుపాకీ కూడా నడిచింది. క్రీస్తు శిష్యులుగా మనం తుపాకీని ఒప్పుకోలేము. కత్తిని ఒరలో పెట్టమని పేతురుకు చెప్పిన ప్రభువు మనకూ అదే చెబుతున్నాడు. కాని ఒక ప్రశ్న మనల్ని వదలదు. వెట్టివాని ఏడ్పు ఆ పాటల్లో అంత గట్టిగా వినబడిన రోజుల్లో, అది మన ప్రసంగాల్లో ఎంత వినబడింది? ఐగుప్తులో ఇటుకలు చేస్తున్న దాసుల మొర విన్నానని చెప్పిన దేవుని ప్రజలం మనం.

మిర్యాము చేతిలో ఏముంది?

ఆ దాసులు ఎర్ర సముద్రం దాటాక మొదట చేసిన పని పాడటం. నిర్గమకాండము 15:20లో మిర్యాము తంబుర చేత పట్టుకుందని మన తెలుగు బైబిలులో ఉంది. తంబుర అనగానే మనకు తీగల వాద్యం కళ్ల ముందు మెదులుతుంది. హెబ్రీ భాషలో అక్కడున్న మాట 'తోఫ్'. అది గుండ్రని చట్రానికి తోలు బిగించి చేత్తో వాయించే వాద్యం. మన ఊళ్లో దానికి దగ్గరగా ఉన్నదేమిటి? కంజీర ఉంది. దానికంటే పెద్దది, మన పల్లెది, డప్పు ఉంది.

ఇప్పుడు చెప్పండి. విడుదల పొందిన ప్రజల మొదటి ఆరాధనలో మోగింది తోలు వాద్యమైతే, డప్పు అంటే మన సంఘాల్లో ఎందుకంత కాలం ముఖం చిట్లించారు? అది జాతరలో వాయించేదని, శవం ముందు వాయించేదని చెప్పారు. అది కొంత నిజమే. కాని హార్మోనియం, తబలా కూడా లోకపు పాటలకు వాయించినవే, వాటిని ఎవరూ ఆపలేదు. అసలు కారణం మనకందరికీ తెలుసు. డప్పు ఎవరి భుజాన ఉంటుందో అది అసలు కారణం. చచ్చిన పశువు తోలు, దాన్ని శుభ్రం చేసే చేతులు, ఆ చేతులకు ఊరు వేసిన ముద్ర. ఊరికి చాటింపు వేయాలంటే ఆ చప్పుడు కావాలి. పెండ్లికి కావాలి, చావుకు కావాలి. వాయించేవాడు మాత్రం బయటే ఉండాలి.

1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. దాని డిమాండు గురించి మన సంఘాల్లో ఒక్కొక్కరికి ఒక్కో అభిప్రాయం ఉంది, నేను ఇక్కడ ఆ వాదం ఎత్తుకోవడం లేదు. కాని ఒక మాట ఎవరైనా ఒప్పుకోవాలి. ఇంట్లో దాచుకునే డప్పును ఆ ఉద్యమం నడివీధిలో తలెత్తుకుని మోగించింది. సిగ్గు అనుకున్నది గౌరవం అయింది. ఒక వాద్యం వల్ల ఒక తరం తన పేరు బయటికి చెప్పుకోగలిగింది.

మెదక్ గాజు కిటికీలు, నార్సింగి అంతస్తులు

మీలో చాలామంది మెదక్ చర్చి చూసే ఉంటారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి ఆధ్వర్యంలో 1914లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కరువు కాలం అది. ఊరికే గంజి పోయకుండా పని ఇచ్చి కూలి ఇచ్చారు, ఆ కూలితో చుట్టుపక్కల పల్లెలు బతికాయి. లోపల మూడు పెద్ద రంగు గాజుల కిటికీలున్నాయి. లండనులోని ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే చిత్రకారుడు వాటికి రూపమిచ్చాడు. ఒకదానిలో ప్రభువు జననం, ఒకదానిలో సిలువ, ఒకదానిలో ఆరోహణం. చదువు రానివాడు కూడా వెలుగు పడినప్పుడు సువార్తను కళ్లతో చదువుకోవచ్చు.

ఆ కిటికీల అందం నాకు ఇష్టమే. కాని నాకు ఎక్కువ ఇష్టమైనది ఇంకొకటి ఉంది. రాళ్లు మోసినవాళ్లే తరువాత లోపలికి వచ్చి ఆ కిటికీల కింద కూర్చున్నారు. కట్టినవాడికి ప్రవేశం ఉన్న గుడి అది. జాషువ గారి గబ్బిలం ఏ గుమ్మం దగ్గర ఏడ్చిందో, ఆ గుమ్మం అక్కడ తెరుచుకుంది.

ఇప్పుడు నార్సింగి వైపు చూడండి. పక్కనున్న కోకాపేటలో 2023 ఆగస్టులో జరిగిన ప్రభుత్వ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ నేల మీద లేచే అంతస్తులను మన మహబూబ్‌నగర్ కూలీలు, శ్రీకాకుళం మేస్త్రీలు, ఒడిశా, బీహారు పిల్లలు కడుతున్నారు. కట్టడం పూర్తయ్యాక ఎంతమంది లోపలికి వెళ్తారు? కొన్ని అపార్టుమెంట్లలో పనివాళ్లకు వేరే లిఫ్టు ఉంటుంది. ఈ మాట రాస్తుంటే నాకు బాధగా ఉంది, ఎందుకంటే ఆ రెండు లిఫ్టుల్లోనూ మనవాళ్లే ఉన్నారు. ఒకే బల్ల దగ్గర ప్రభువు రొట్టె తీసుకున్న ఇద్దరు, ఒకరు ఒక లిఫ్టులో, ఒకరు ఇంకో లిఫ్టులో.

తెలంగాణ రాష్ట్ర గీతం రాసిన అందెశ్రీ గారు బడికి వెళ్లి చదువుకున్నవారు కాదు. చిన్నప్పుడు పశువులు కాశారు, తరువాత తాపీ పని చేశారు. ఆయన పాట ఉద్యమంలో ఊరూరా మోగింది, 2024లో అధికారిక రాష్ట్ర గీతమైంది. 2025 నవంబరులో ఆయన వెళ్లిపోయారు. ఆ గీతం మొదలు కాగానే మంత్రులు, అధికారులు లేచి నిలబడతారు. ఒక తాపీమేస్త్రీ కట్టిన మాటకు రాష్ట్రమంతా లేచి నిలబడటం చిన్న సంగతి కాదు. మరి ఈ సాయంత్రం నార్సింగి చౌరస్తాలో సిమెంటు బట్టలతో బస్సు కోసం నిలబడిన తాపీమేస్త్రీకి, కూర్చోవడానికి కాస్త జరిగి చోటిచ్చేవారు ఎవరు?

శిబిరం వెలుపలికి

తమ్ముడి ప్రశ్నకు ఇదీ నా జవాబు. పాట మారుస్తుంది. పాడేవాణ్ని రానివ్వని చోటికి పాట వెళ్లగలదు, వెళ్లి లోపలి నుండి గడియ తీయగలదు. అంతవరకే దాని శక్తి. గడియ తీశాక తలుపు లాగి, బయట నిలబడినవాణ్ని చేయి పట్టుకుని లోపలికి తీసుకురావలసింది విన్నవాడు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అంతకు ముందే కవులు, గాయకులు ఎన్నో మనసుల గడియలు తీసి ఉంచారు. ఇంకా తెరవని తలుపులకు చట్టంలో లోపం కారణం కాదు, పాటలో లోపం కారణం కాదు. విని కూర్చున్నవాళ్లం కారణం.

మనకైతే సాకు అసలే లేదు. జాషువ గారి కథలోని మనిషికి గబ్బిలం కావలసి వచ్చింది. మనకు అక్కరలేదు. ప్రభువు సిలువపై ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెర పైనుండి కిందికి చినిగింది. ఇక దేవుని చెవికి మన మొర చేర్చడానికి చాటుగా వెళ్లే దూత అక్కరలేదు. ఈ మాట ఇంకొకరి గుడిని నిందించడానికి చెప్పడం లేదు, మన గుమ్మం చూసుకోవడానికే చెబుతున్నాను. దేవుడు చింపిన తెరను మనం మళ్లీ కుట్టుకుంటున్నామా? పెళ్లి ప్రకటనల్లో క్రైస్తవుడు అన్న మాట ముందు ఇంకా ఏ మాట రాస్తున్నాం? ఆదివారం ఒకే కీర్తన పాడి, సోమవారం సంబంధం మాట రాగానే కులం అడిగి లేచిపోతే, జాషువ గారి ముందు నుండి లేచిపోయినవానికీ మనకూ తేడా ఏమిటి?

హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం చెబుతోంది, యేసు గవిని వెలుపట శ్రమపడ్డాడు. ఊరి బయట. మన పల్లెలు, గూడేలు ఎక్కడున్నాయో అక్కడ. కాబట్టి మనం శిబిరం వెలుపలికి, ఆయన దగ్గరికే వెళ్లాలి. బయటివాణ్ని లోపలికి పిలవడం ఉపకారమని అనుకోకండి. ప్రభువు ముందే బయట వాళ్ల దగ్గర ఉన్నాడు.

ఈ వారం మూడు పనులు చేద్దాం. ఆదివారం మీకు నచ్చిన కీర్తన ఎవరు రాశారో, వాళ్లు ఏ స్థితిలో నుండి రాశారో తెలుసుకుని మీ పిల్లలకు చెప్పండి. సంఘంలో డప్పు తెలిసిన పెద్దలుంటే, క్రిస్మసు రోజున బయట ఊరేగింపుకే కాదు, లోపల ఆరాధనకు కూడా పిలవండి, కుర్చీ వేయండి, ఆ విద్య పిల్లలకు నేర్పమని అడగండి. నార్సింగిలో, కోకాపేటలో ఉంటున్న బిడ్డలారా, మీ అపార్టుమెంటు కడుతున్నవారిలో, ఊడుస్తున్నవారిలో ప్రభువు బిడ్డలు ఉంటారు. వాళ్ల పేర్లు అడగండి. మీ ఇంట్లో జరిగే ప్రార్థన కూటానికి పిలవండి. మీ లిఫ్టులోనే తీసుకురండి.

ప్రార్థన: ప్రభువా, నీ మాటను మంచి పాటలా విని మరచిపోయే చెవులు మాకు వద్దు. నాతాను కథ విని తగ్గించుకున్న దావీదు మనసు మాకు ఇవ్వు. మా గుమ్మం బయట నిలబడినవారిని చూసే కన్నులు ఇవ్వు, గవిని వెలుపట ఉన్న నీ దగ్గరికి నడిచే కాళ్లు ఇవ్వు. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.